ఉగ్గుగిన్నెడు ఆముదం

పంపు బయటికి తీశాక నరేష్ దాన్ని చెత్తలో పడేస్తాడనుకున్నాను. పడెయ్యలేదు. రెండు చేతులతో పట్టుకుని, వెనక సీటు పీకేసిన కారులోంచి దిగి, సెల్లారులో నేను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి వచ్చి, నా ముక్కుకి జానెడు దూరంలో పెట్టాడు.

"మేడం, జర వాసన చూడున్రి."

నల్లటి ప్లాస్టిక్ డబ్బా. దాని అడుగున చిన్న జల్లెడ. జల్లెడ నిండా నశ్యంలాంటి మడ్డి. మా అశోక్‌నగర్ అపార్టుమెంటు సెల్లారులో గాలాడదు, ఎవరి స్కూటరు పొగ వారి మీదే తిరుగుతుంటుంది. దానికి తోడు ఈ కంపు.

"నాకెందుకయ్యా? పాడైందన్నావు, మార్చమన్నాను. పారెయ్."

"అట్ల కాదు మేడం. మా దగ్గర గిదే పద్ధతి. పాతది ఓనర్‌కు చూపించాలె, వాసన చూపించాలె, గప్పుడే కొత్తది ఎక్కించాలె. రేపు మల్లా బండి ఆగిందనుకోండ్రి, నువ్వే ఏదో జేసినవని మా మీద పడొద్దు గద."

ముక్కు ముందుకు పెట్టి చూశాను. "పెట్రోలు కంపు. ఇంకేం కావాలి?"

"పెట్రోలే గద? ఇంకేం లేదు గద?"

"లేదు."

"గంతే. ఇగ మీరే సాక్షి." నవ్వుతూ పంపుని పాత పేపరులో చుట్టాడు. "మా ఉస్తాద్ నేర్పిండు మేడం. ఆయనకు యాదన్న నేర్పిండంట. చిక్కడపల్లిల సందుల షెడ్డుండె యాదన్నకు. ఎవరో పెద్దమనుషులు గాయన్ను పంపు దొంగ అన్నరంట. గప్పటి సంది వాసన చూపియ్యకుంట పంపు ముట్టలే."

"ఉన్నాడా ఆయన?" అని అడిగాను.

"యాదన్నా? పోయిండు మేడం. కరోనా కంటె ముందే."

నరేష్ మళ్ళీ కారులోకి దూరాడు. ఆ పెద్దమనుషుల్లో మొదటివాడు మా నాన్న. ఆ పంపులు పాడుచేసింది నేను.

ఇప్పుడు నేనుంటున్న అపార్టుమెంటుకి రెండు వీధుల అవతల ఒక మేడ ఉండేది. కింది భాగంలో మేం కిరాయికుండేవాళ్ళం. అక్కడిప్పుడు హాస్టలు లేచింది. కిటికీ కిటికీకి తువ్వాళ్ళు, గేటు దగ్గర చెప్పుల గుట్ట, లోపల పరీక్షలకి చదివే పిల్లలు. అప్పుడు ఆ గేటు లోపల పోర్టికో, పోర్టికోలో గోనెపట్టా కప్పుకుని బూడిదరంగు కారు ఉండేవి. నాన్న గుంటూరు వైపునుంచి ఉద్యోగానికి వచ్చి బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా కుదిరినవాడు. ఆఫీసుకి బస్సులోనే వెళ్ళేవాడు. కారు ఆయనది కాదు, ప్రభువుది. అలా అని ఆయనే అనేవాడు. కాగితాల మీద పేరు మాత్రం ఆయనదే ఉండేది. వారం పొడుగునా పట్టా కింద పడుకుని, ఆదివారం పొద్దున లేచి, బర్కత్‌పురలో అయ్యగారిని, ఆయన బైబిలు సంచిని, అయ్యగారమ్మని ఎక్కించుకుని నారాయణగూడలో మా చర్చికి పోవడం దాని పని. అయ్యగారంటే మా సంఘ కాపరి. నాన్న సంఘ పెద్ద, కమిటీ కార్యదర్శి. ఆ కారు తలుపు తీసి అయ్యగారిని దింపేటప్పుడు ఆయన వీపు నిటారుగా ఉండేది. అది వినయం అని చిన్నప్పుడు అనుకున్నాను.

ఇంట్లో ఇంకో అధికారం మామ్మది. నాన్నని కన్నతల్లి. చూపు మందగించినా ముక్కు, నోరు చురుగ్గా ఉండేవి. ఏడాదికోసారి పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి పెట్టి వంటాముదం తీసేది. ఆముదం గింజలు మాడేదాకా వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దని కాగే నీళ్ళలో వేసి, పైకి తేలిన నూనెని గరిటెతో దేవి, మళ్ళీ కాచేది. రెండు రోజులు వీధి వీధంతా ముక్కు మూసుకునేది. మాడిన గింజ, తడిసిన కుక్క, పాత తోలుచెప్పు, ఈ మూడూ కలిస్తే వచ్చే వాసన. అది జుట్టుకి పట్టేది, దిండుకి పట్టేది, అన్నానికి పట్టేది. కాచిన నూనెని సీసాలో పోసి, అయ్యగారు ఇంటికి వచ్చినప్పుడు ఆయన ముందు పెట్టేది. ఆయన సీసా మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసేవారు. అప్పట్నుంచి అది మందే కాదు, ప్రార్థన నూనె కూడా. జ్వరానికి అది, చెవిపోటుకి అది, పరీక్ష రాసే కలానికి ఒక బొట్టు, గుమ్మానికి ఒక బొట్టు.

నాకు మాత్రం బొట్టుతో సరిపోయేది కాదు. రెండు వారాలకొక శనివారం, తెల్లారకముందే, పరగడుపున, ఉగ్గుగిన్నె నిండా. పసిపిల్లలకి పాలు పట్టడానికి చిన్న ముక్కు ఉండే ఇత్తడి గిన్నె అది. నన్ను పసిపిల్లగా పెంచిన గిన్నెతోనే పద్నాలుగేళ్ళొచ్చినా ఆముదం పోసేది మామ్మ.

"ఒసేయ్, మూతి బిగించకు. కడుపు శుభ్రంగా ఉంటే ఆత్మ శుభ్రంగా ఉంటుంది."

"మరి నువ్వు తాగవే?"

"నా ఆత్మ సంగతి దేవుడికీ నాకూ తెలుసు. నువ్వు తాగు."

చల్లారితే అది నాలుక మీద కదలదు. జిగురులా పళ్ళకి అంటుకుని, గొంతులో ఒక తాడులా వేలాడుతుంది. మింగినా మింగినట్టుండదు. మధ్యాహ్నందాకా తేన్పులన్నీ అదే. చారన్నం తిన్నా అదే. ఇప్పటికీ ఎవరైనా జుట్టుకి ఆముదం రాసుకుని పక్కన కూర్చుంటే నేను లేచి వేరే బల్ల మీదికి పోతాను.

ఒక శనివారం నేను వాంతి చేసుకుంటానేమోనని మామ్మ గిన్నె నా చేతికిచ్చి, "బయటికి పోయి తాగు. తాగాక చివరి బొట్టు కారు ముందుభాగానికి రాసిరా. రేపు అయ్యగారిని తెచ్చే బండి" అంది. పోర్టికోలోకి వచ్చాను. చీకటి విడలేదు. కారు వెనక వైపు పెట్రోలు మూత కనిపించింది. దానికి తాళం ఉండేది కాదు. తిప్పితే వచ్చేసింది. ఉగ్గుగిన్నె ముక్కు ఆ రంధ్రానికి సరిగ్గా కొలత తీసినట్టు కుదిరింది. మొత్తం వొంపేశాను. చివరి బొట్టు రాయమంది కదా, నేను మొదటి బొట్టునుంచీ ఇచ్చేశాను, దేవుడి బండికి దేవుడి నూనె, తప్పేముంది అనుకున్నాను. అలా అనుకున్నానని ఇప్పుడు రాస్తుంటే నాకే రోత పుడుతోంది. అది భక్తి కాదు. తప్పించుకోవడానికి భక్తిని అడ్డం పెట్టుకోవడం ఎలాగో ఆ ఇంట్లో నాకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. లోపలికి వెళ్ళి మూతి తుడుచుకున్నాను. ఆ రోజు నాలుగుసార్లు పెరట్లోకి చెంబు పట్టుకుని పోయి, ఊరికే నిలబడి, తిరిగొచ్చాను. మామ్మ ఎన్నిసార్లో లెక్కపెట్టి సంతోషించింది.

బడి తెరిచినప్పట్నుంచి చలికాలందాకా అలా సాగింది. ఆముదం పెట్రోలులో సరిగ్గా కలవదు, బరువుగా అడుగుకి చేరుతుంది. అది నాకప్పుడు తెలియదు. ట్యాంకులో పెట్రోలు తగ్గినప్పుడల్లా ఆ అడుగుదే పంపులోకి ఎక్కుతుంది. నారాయణగూడ చౌరస్తాలో, అయ్యగారు లోపల ఉండగా, బండి దగ్గి ఆగిపోయింది. ఇద్దరు రిక్షావాళ్ళు తోస్తే సంఘకాపరి చర్చికి చేరారు. నాన్న ముఖం ఆ రోజంతా నల్లగానే ఉంది.

బండి చూడటానికి వచ్చినవాడే యాదగిరి. చిక్కడపల్లి సందులో రేకుల షెడ్డు. బక్కపలచగా, చెవి వెనక పెన్సిలు ముక్కతో, నడుస్తుంటే జేబులో పానాలు చప్పుడు చేస్తూ ఉండేవాడు. మూడేళ్ళ కిందట మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పుడు యాకోబు అని పేరు పెట్టారు. ఆ పేరు ఎవరైనా పిలిస్తే చిన్నపిల్లాడిలా తలెత్తి చూసేవాడు. పంపు పోయిందన్నాడు, కొత్తది వేశాడు. రెండు నెలలకి మళ్ళీ ఆగింది. ఇంకోటి వేశాడు. అదీ ఆగింది.

మూడోసారి పోర్టికోలో పంపు గొట్టం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, "సారూ, పరేషాన్ గాకుండ్రి. ఒక్క మాట అడుగుత. దీన్ల ఆముదం వాసనస్తున్నది" అన్నాడు.

"ఏంటీ?"

"ఆముదం సారూ. తలకు పెట్టుకుంటరు గద, గది. మీ ఇంట్ల ఎవరన్న..."

"మా ఇంట్లో కారుకి ఆముదం పోస్తామా? ఏం మాట్లాడుతున్నావు నువ్వు? కొత్తవని చెప్పి పాత పంపులకి రంగేసి తగిలించి, ఇప్పుడు మా ఇంటి మీద పెడతావా?"

"అయ్యో, గట్లంటరేంది సారూ. నేనెందుకు జేస్త? దేవుని బండి గద."

నేను కిటికీ లోపల ఉన్నాను. చేతిలో పుస్తకం ఉంది. ఆ క్షణంలో బయటికి ఒక అడుగు వేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. పుస్తకంలో ఒకే లైను మళ్ళీ మళ్ళీ చదివాను.

ఆ సంగతి తేల్చడానికి బుధవారం కమిటీ మా ముందుగదిలోనే కూర్చుంది. అయ్యగారు, నాన్న, ఇంకో ముగ్గురు పెద్దలు. నేను కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వచ్చాను. యాదగిరి గడప దగ్గర నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. అంతకుముందు మా కారులోంచి తీసిన పాత పంపు పేపరులో చుట్టి చేతిలో ఉంది. దాన్ని విప్పి, ముందుకు చాపి, అందరి ముఖాలూ చూస్తూ అన్నాడు.

"అయ్యగారూ, జర వాసన చూడున్రి. ఒక్కసారి. చూసినాక మీరేమన్నా నేను వింట."

ఎవరూ చెయ్యి చాపలేదు. గ్రీజు అంటుకుంటుందని ఒకాయన పంచె కొసలు దగ్గరికి లాక్కున్నాడు. ఇంకో పెద్దాయన నాన్న వైపు తిరిగి, "అయితే దేవదానం గారూ, మీ కారుకి విరేచనాలు పట్టుకున్నాయన్నమాట" అన్నాడు. గదంతా నవ్వింది. అయ్యగారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వారు. లోపల్నుంచి మామ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే నా ముఖం కనిపిస్తుందని.

నవ్వు తగ్గాక అయ్యగారు మెత్తగా చెప్పారు. "తప్పు ఒప్పుకో నాయనా. ఒప్పుకుంటే చాలు, క్షమించేస్తాం. అందాకా ప్రభువు బల్లకి దూరంగా ఉండాలి."

మా సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం, బల్ల ఆరాధన. రొట్టె, ద్రాక్షరసం. అందులో భాగం లేదంటే మనిషి చర్చిలో ఉన్నా లేనట్టే.

"చెయ్యని పని చేసిన్నని ఎట్ల చెప్పాలె అయ్యగారూ? గది అబద్ధమైతది గద. అబద్ధం చెప్పొద్దని మీరే గద నేర్పింది."

నాన్న తల ఎత్తకుండా కమిటీ పుస్తకంలో రాస్తున్నాడు. ఆయన అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని ఆఫీసులో పేరు. యాదగిరి మెడ సాచి చూసి, "సారూ, నా పేరు యాకోబు. యాదగిరి అని రాసిండ్రు. మీరే గద పెట్టింది ఆ పేరు" అన్నాడు. నాన్న కలం ఆగింది. తర్వాత కింది లైనుకి వెళ్ళిపోయింది. కొట్టివేయలేదు. దొంగతనం అనే మాట పక్కన యాదగిరి అనే పేరే ఉండిపోయింది.

బల్ల ఆరాధన రేపనగా, శనివారం, ఇక ఏ మెకానిక్కునీ నమ్మనని నాన్న కొత్త పంపు తానే కొనుక్కొచ్చాడు. ఆ ముందు వారమే నాకు బాప్తిస్మం అయింది. మర్నాడు నాకు మొదటి బల్ల. అందుకని కడుపు మరింత శుభ్రంగా ఉండాలని మామ్మ ఉగ్గుగిన్నెకి తోడు ఇంకో సగం పోసింది. పోర్టికోలో తెల్లారకముందే నాన్న ఉన్నాడు, నాకు దారి లేదు. ఆరు నెలల తర్వాత మళ్ళీ తాగాను. ముక్కు మూసుకుని తాగినా అది ముక్కులోంచే దిగినట్టుంది.

"అమ్మాయ్, టార్చి పట్టుకో" అని పిలిచాడు నాన్న.

పాత బనీను, మడిచి కట్టిన లుంగీ. ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. తర్వాత ఇంజను పక్కన పంపుకి వచ్చే గొట్టం విప్పి, పెట్రోలు కారకుండా దాని మూతికి నా పెన్సిలు ముక్క చెక్కి బిగించాడు. పంపుని పట్టుకున్న రెండు బోల్టులు వదులు చెయ్యడానికే గంట పట్టింది. పానా జారి వేళ్ళు గీసుకుపోయాయి. ఈలోగా నేను రెండుసార్లు టార్చి నేలమీద పెట్టి పెరట్లోకి పరుగెత్తాను. పంపు ఊడి వచ్చింది. దాన్ని మెట్టుమీద పెట్టుకుని, యాదగిరి మోసం ఎక్కడుందో చూడాలని, పై మూత స్క్రూలు ఒక్కొక్కటీ విప్పాడు. లోపల పల్చటి రబ్బరు పొర. దాని మీద, కవాటాల మీద, తేనెరంగు జిగురు. మీగడలా ముడతలు పడి ఉంది. వేలితో గీకి చూశాడు. తీగలా సాగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

నాన్న ఆ వాసనతో పుట్టిపెరిగినవాడు. ఆయన్నీ ఆ ఉగ్గుగిన్నెతోనే పెంచారు. నేను టార్చి పట్టుకుని ఆయన భుజం మీంచి వంగి ఉన్నాను, నోటితో ఊపిరి తీస్తున్నాను. ఆయన ముఖం నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"నోరు తెరువు."

తెరిచాను. దగ్గరికి వచ్చి వాసన చూశాడు. వేలు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"బడి తెరిచినప్పట్నుంచి."

"ఎంత?"

"ఉగ్గుగిన్నెడు."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. ఆయన వీధివైపు చూశాడు, ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు.

"నాన్నా, రేపు బల్ల. యాదగిరిని..."

"తెలుసు. లోపలికి పో. మామ్మకి చెప్పకు."

వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి చూశాను. ట్యాంకు అడుగున మర విప్పి అందులో మిగిలినదంతా మామ్మ స్నానాల బేసిన్లోకి దించాడు. పైన పెట్రోలు, అడుగున బంకలా ఆముదం. ఆ రెండూ కలిసిన కంపు మా ఇంట్లో క్రిస్‌మస్ దాటినా పోలేదు. బేసిను ఎత్తి కాలవలో కుమ్మరించాడు. పాత పంపుని, గొట్టాన్ని డబ్బాలో తెచ్చిన పెట్రోలుతో కడిగి, మిగిలింది ట్యాంకులో పోశాడు. కొత్త పంపు బిగించేచోట కాగితం ముక్క పెట్టి, పెట్రోలు ఊరకుండా బట్టల సబ్బు రాశాడు. చేత్తో పంపు మీట నొక్కుతుంటే టిక్కు టిక్కుమని చప్పుడు, ఏదో లెక్కపెడుతున్నట్టు. హ్యాండిలు ఒక్కసారి తిప్పగానే ఇంజను అందుకుంది. అప్పుడాయన జిడ్డు చేతిని బానెట్ మీద పెట్టి, కళ్ళు మూసుకుని, ప్రభువా నీకు స్తోత్రం అని గట్టిగా ప్రార్థన చేశాడు. వీధిలోవాళ్ళు వినేంత గట్టిగా. చివర ఆమెన్ అన్నాడు. గుమ్మంలోంచి నేను కూడా ఆమెన్ అన్నాను. నా జీవితంలో ఇన్ని వేల ఆమెన్లు అన్నాను, కక్కెయ్యాలనిపించేది అదొక్కటే.

ఆదివారం కారు ఆగకుండా పోయింది. యాదగిరి మగవాళ్ళ వైపు చివరి బల్ల మీద తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. రాడని అందరూ అనుకున్నారు. వచ్చాడు. రొట్టె పళ్ళెం తిప్పేది సంఘ పెద్దలు. ఆ వరసకి నాన్నే వచ్చాడు. యాదగిరి దగ్గర ఆగకుండా, పళ్ళేన్ని ఆయన తల మీదుగా అవతలి మనిషికి అందించాడు. యాదగిరి తల కొద్దిగా వంచి దారిచ్చాడు. బస్సులో ఎవరైనా టిక్కెట్టు అందిస్తుంటే దారిచ్చినట్టు. తర్వాత మా వైపు వచ్చింది. రొట్టె తీసుకున్నాను. చిన్న గ్లాసులో ద్రాక్షరసం తాగాను. నిన్నటి తేన్పు దానితో కలిసి పైకొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాను.

ప్రహరీ పక్కన మొత్తం కక్కాను. వెనకనుంచి ఎవరో చెంబుతో నీళ్ళు పోస్తుంటే పుక్కిలించి చూశాను. యాదగిరి.

"ఏం దిన్నవ్ బిడ్డా?" అని అడిగి, అంతలోనే ఆగాడు. ముక్కుపుటాలు కదిలాయి. కింద చూశాడు, నా ముఖం చూశాడు. లోపల పాట మొదలైంది. లోపలికి వెళ్ళి ఒక్క మాట చెబితే చాలు ఆయనకి. చెంబులో మిగిలిన నీళ్ళు నా చేతుల మీద పోసి, "మంచిగ కడుక్కో" అన్నాడు. సైకిలు తీసుకుని గేటు దాటాడు. మా చర్చికి మళ్ళీ రాలేదు. నేను కక్కింది చూసిన ఆడవాళ్ళు, మొదటి బల్ల కదా, పరిశుద్ధతకి ఒళ్ళు తట్టుకోలేదన్నారు. మామ్మ అది పదిమందికి చెప్పుకుంది.

తర్వాత కాలేజీకి పోయేటప్పుడు ఆ షెడ్డు వస్తుందంటే రోడ్డు అవతలికి మారేదాన్ని. నలభై ఏళ్ళు సండే స్కూల్లో పిల్లలకి ఆజ్ఞలు నేర్పాను. అబద్ధ సాక్ష్యం దగ్గరికి వచ్చేసరికి తొందరగా చెప్పి తర్వాతదానికి పోయేదాన్ని. నాన్న పోయినప్పుడు, కారుని ప్రభువుకిచ్చిన మనిషి అని సంఘమంతా పొగిడింది. ఆయన్ని నేను ప్రేమించాను. ఆ జిడ్డు చేతి ప్రార్థనని క్షమించలేకపోయాను. నా ఆమెన్‌ని కూడా.

మా వయసువాళ్ళు కూర్చుంటే, ఆ రోజుల్లో భక్తి వేరు, మనుషులు వేరు అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు చర్చిలో తెర మీద పాటలొస్తాయి, గుమ్మం పక్క బల్ల మీద ప్రార్థన నూనె బుల్లి సీసాల్లో అమ్ముతారు, కుర్రాళ్ళు బండి తాళాలకి రాసుకుంటారు. కాని అప్పుడు కూడా ఇదే నూనె. మేం ఇంట్లో కాచుకున్నాం, అంతే తేడా.

నరేష్ కొత్త పంపు బిగించి, సీటు వేసి, తాళం తిప్పి, బండి స్టార్టయ్యాక నా దగ్గరికి వచ్చాడు. "బండిలోంచి కొంచెం పెట్రోలు ఒక సీసాలో తీసివ్వు" అన్నాను.

"ఏం జేస్తరు మేడం?"

"సాక్ష్యానికి."

"కోర్టు కేసా?"

"అలాంటిదే."

ముందు పాస్టర్‌గారి దగ్గరికి వెళ్ళాను. మా అబ్బాయి వయసు ఆయనది. జరిగింది చెప్పి, పాత కమిటీ పుస్తకాలు అడిగాను. "బీరువాలో ఉన్నాయమ్మా. కాని ఇప్పుడెందుకు? ఆయన లేరు, మీ నాన్నగారూ లేరు. దేవుడు ఎప్పుడో క్షమించేసి ఉంటాడు" అన్నారు.

"దేవుడి సంగతి కాదండీ. మన పుస్తకంలో దొంగ అని ఉంది. అది కొట్టేసి, యాకోబు అని రాసి, దొంగ కాదని కింద రాయాలి."

"చూద్దాం అమ్మా" అన్నారు.

మొదటి ఆదివారం, బల్లకి ముందు, సాక్ష్యాలు చెప్పేవేళ లేచి ముందుకు వెళ్ళాను. టీచరమ్మ సాక్ష్యమంటే అందరూ సర్దుకుని కూర్చున్నారు. మొత్తం చెప్పాను, ఇక్కడ రాసినట్టే. కారులో ఆముదం పోశాననగానే వెనకనుంచి ఒక నవ్వు, తర్వాత ఇంకోటి. "ఆంటీ, మైలేజ్ పెరిగిందా?" అన్నాడొక కుర్రాడు. చర్చి మొత్తం నవ్వింది. పాస్టర్‌గారు పెదవి కొరుక్కుంటూ కిందికి చూశారు. అదే నవ్వు. మా ముందుగదిలో విన్న నవ్వే, కొత్త గొంతులతో.

సంచిలోంచి మామ్మ ఉగ్గుగిన్నె తీశాను. అందులో సగం ఆముదం, సగం నరేష్ ఇచ్చిన పెట్రోలు పోశాను. "యాకోబు గారు ఒక్కసారి వాసన చూడమని అడిగారు. అప్పుడెవరూ చూడలేదు. ఇప్పుడు చూడండి" అని ముందు బల్లలో మొదటి మనిషి చేతిలో పెట్టాను. ఆమె ముక్కు దగ్గరికి తెచ్చి, ముఖం తిప్పేసి, పక్కావిడకిచ్చింది. ఆవిడ ఇంకొకరికి. చేతి నుంచి చేతికి, వరస నుంచి వరసకి, రొట్టె పళ్ళెం తిరిగినట్టే ఆ గిన్నె తిరిగింది. అది ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా నవ్వు ఆగిపోయింది. చివరి బల్ల చేరి తిరిగొచ్చింది. పాస్టర్‌గారు కూడా చూశారు. చూశాక చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకుని, "కమిటీలో పెడతానమ్మా" అన్నారు.

తర్వాత బల్ల. పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. తీసుకోకుండా పక్కకి అందించాను. పుస్తకంలో ఆ లైను మారేదాకా అంతే. కమిటీ ఇంకా కూర్చోలేదు. అప్పట్నుంచి ప్రతి మొదటి ఆదివారం నా చేతుల మీదుగా అది అలాగే దాటిపోతోంది.

నేను సాక్ష్యం చెప్పిన మర్నాడు, బండి ఎలా ఉందో కనుక్కోవడానికి నరేష్ ఫోన్ చేశాడు.

"మంచిగ నడుస్తుందా మేడం? అవునూ, మీ కేసేమైంది? వాసన చూసిండ్రా?"

"చూశారు."

"ఒప్పుకున్నరా మరి?"

"ముక్కులు మూసుకున్నారు."